డాలస్‌లో కొత్త ఇల్లు తీసుకుంటున్నారా? క్లోజింగ్‌కి ముందే నేల వాలు చూసుకోండి

డాలస్ ఉత్తర శివార్లలో కొత్త ఇల్లు బుక్ చేస్తున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. బిల్డర్ పేరు అడగొద్దు, ఎవరి దగ్గర కొన్నా ఇది చూసుకోవాల్సిందే. క్లోజింగ్ అంటే డబ్బు కట్టి, సంతకాలు పెట్టి ఇల్లు మన పేరున చేయించుకునే రోజు.

గట్టి వాన పడితే మా కప్పు నీళ్లూ పక్కింటి కప్పు నీళ్లూ రెండిళ్ల మధ్యకు చేరి, మా పునాదిని ఆనుకుని నిలబడిపోతున్నాయి. బిల్డర్‌ని అడిగితే "సిటీ ఫైనల్ ఇన్‌స్పెక్షన్ పాసైంది కదండీ" అంటాడు. సిటీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, రెండు ప్రైవేటు లాట్ల (ఇంటి స్థలాల) మధ్య నీటి గొడవలో తాము తలదూర్చం, కోర్టులో తేల్చుకోమన్నారు.

రూలు లేక కాదు. ఇక్కడి సిటీలు అనుసరించే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం పునాది నుంచి మొదటి 10 అడుగుల్లో నేల కనీసం 6 అంగుళాలు దిగాలి. అంత జాగా లేనిచోట డ్రెయిన్ అయినా పెట్టాలి, స్వేల్ అయినా తీయాలి. స్వేల్ అంటే గడ్డి పరిచిన పల్లపు కాలువ. మాకూ తీశారు, తీసి సరిగ్గా దాని మధ్యలోనే ఏసీ దిమ్మె పోశారు!

ఇక్కడి మట్టి మన నల్లరేగడి లాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. ఇల్లంతా దాని మీద పోసిన స్లాబు మీదే ఉంటుంది. కాబట్టి నిలిచిన నీళ్లను ఒక్క పచ్చిక సమస్యే అనుకోవద్దు, పునాదికీ ముప్పే. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ ఇలా నేల మీంచి వచ్చే వరద నీటికి వర్తించదు.

తూర్పు ముఖమా, ఈశాన్యం పల్లమా అని మనవాళ్లు గంటలు గంటలు చర్చిస్తారు. ఆ పల్లంలోకి చేరిన నీళ్లు ఎటు పోతాయని ఒక్కరూ అడగరు. సేల్స్ ఆఫీసులో లాట్ గ్రేడింగ్ ప్లాన్, అంటే స్థలం వాలు ఎటుందో చూపే పటం, చూపించమనండి. టైప్ ఏ అయితే నీళ్లన్నీ వీధిలోకి వెళ్తాయి. టైప్ బీ అయితే సగం పెరట్లోకి పోతాయి, అప్పుడు వెనక డ్రైనేజ్ ఈజ్‌మెంట్ (నీళ్లు పోవడానికి వదిలిన జాగా) ఉందో లేదో, దానికి ఎవరైనా షెడ్డో ఫెన్సో అడ్డం పెట్టారో చూడండి. వీలైతే వాన వెలిసిన మర్నాడు వెళ్లి లాట్ చుట్టూ నడవండి. సొంత ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకుని, వాలు తక్కువుంటే క్లోజింగ్‌కి ముందే సరిచేయిస్తామని రాయించుకోండి.

ఇప్పటికే ఇంట్లో చేరినవాళ్లు వారంటీ గడువు దాటకముందే ఫొటోలు జతచేసి ఈమెయిల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఫోన్‌లో ఇచ్చిన హామీలు తర్వాత ఎవరికీ గుర్తుండవు.

సొంత డబ్బుతో ఫ్రెంచ్ డ్రెయిన్ (కంకర నింపిన కందకంలో వేసే చిల్లుల పైపు) వేయించుకునేవాళ్లు పైపు ఎక్కడ తేలుతుందో ముందే అడగండి. పక్కవాళ్ల ఆస్తికి నష్టం కలిగేలా నీటి సహజ ప్రవాహాన్ని మళ్లించకూడదని టెక్సస్ వాటర్ కోడ్ సెక్షన్ 11.086 చెబుతోంది. మీ పైపు పక్కింట్లో తేలితే కోర్టు మెట్లెక్కేది మీరే.