కురుసుర కడుపులో రెండుసార్లు

శనివారం పొద్దున రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడలో బయలుదేరి, మా అమ్మ, పదో తరగతి చదువుతున్న మా అబ్బాయితో కలిసి మధ్యాహ్నానికి విశాఖపట్నం చేరాను. బీచ్ రోడ్డుకు దగ్గరలో ముందుగా మాట్లాడుకున్న లాడ్జిలో సముద్రం కనిపించే గది ఇస్తామన్నారు గానీ, కిటికీ తెరిస్తే పక్క భవనం గోడే కనిపించింది. అడిగితే బాడుగ కొంత తగ్గించారు. గది శుభ్రంగానే ఉంది, పైగా ఆర్కే బీచ్‌కు నడిచి వెళ్లేంత దూరం కాబట్టి అక్కడే ఉండిపోయాము.

మేము ముఖ్యంగా చూడవచ్చింది ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి. 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నౌకాదళంలో చేరి, 1971లో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగి, 2001లో సేవ ముగించిన ఈ నౌకను మరుసటి ఏడాది ఒడ్డుకు చేర్చి మ్యూజియంగా మార్చారు. శనివారం సాయంత్రం వెళ్లడం మా పొరపాటు. వెనక జనం నెట్టుతుంటే 91 మీటర్ల నౌకను పది నిమిషాల్లో దాటి, ఏమీ చూడకుండానే బయటపడ్డాము.

ఆ అసంతృప్తితో ఆదివారం పొద్దున తెరవగానే మళ్లీ టికెట్లు కొన్నాను. ఈసారి జనం పలచగా ఉండడంతో, నౌకాదళంలో పనిచేసి రిటైరైన గైడు ఒక్కో అర దగ్గరా ఆగి ఓపికగా చెప్పారు. ఒక అర నుంచి మరొక అరకు వెళ్లాలంటే గుండ్రటి ఇనుప ద్వారంలో ముందు ఒక కాలు పెట్టి, తల వంచి, ఆ తరువాత రెండో కాలు లాక్కోవాలి; వేల చేతులు పట్టుకున్నందువల్ల ఆ అంచు నున్నగా మెరుస్తోంది. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మను "తొందరేం లేదమ్మగారూ, నా చెయ్యి పట్టుకోండి" అంటూ ఆయనే ప్రతి ద్వారమూ దాటించారు. మోకాళ్లు సహకరించని పెద్దలు ఈ సంగతి ముందే ఆలోచించుకోవడం మంచిది.

నీటి కింద బ్యాటరీలతో నడుస్తూ, అవి తరిగినప్పుడు పైకి వచ్చి డీజిల్ ఇంజన్లతో నింపుకునే ఈ నౌకలో 75 మంది దాకా ఉండేవారట. మా ఇంటి వంటగదిలో సగం కూడా లేని వంటగదిలో వాళ్లందరికీ వంట! నీటిలో దూసుకెళ్లి శత్రు నౌకలను పేల్చే టార్పెడోలు 22 పట్టే నౌకలో మనుషులకు మిగిలింది ఒకదాని మీద ఒకటిగా బిగించిన ఇరుకు పడకలే. మా అబ్బాయి ఒకదాని పక్కన నిలబడి జానలతో కొలిచి, ఆపైన చాలాసేపు మాట్లాడలేదు.

రోడ్డుకు అవతల, జలాంతర్గాములను వేటాడే టీయూ-142 విమానం ఉంది. 2017 నుంచి ప్రదర్శనలో ఉన్న ఆ విమానమూ బాగుంది గానీ, సమయం తక్కువైతే కురుసురకే ఇవ్వండి. సోమవారం మాత్రం సెలవు. చివరగా, 1971 యుద్ధ స్మారకమైన విక్టరీ ఎట్ సీ దగ్గర ఆగాము. ఆ డిసెంబరులో ఈ తీరానికి దగ్గరలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అందులోని వారందరితో సహా మునిగిపోయిందని చెప్పగానే, మా అబ్బాయి సముద్రం వైపు తిరిగి, "వాళ్లకూ అంత పడకలేనా నాన్నా?" అని అడిగాడు.