పేరా మారేటప్పుడు: అతుకు పదమా, అందుకున్న మాటా?

గ్రూప్-1 మెయిన్స్ జనరల్ ఎస్సేకి సిద్ధమయ్యేవాళ్లు చాలామంది ఒక వాక్యాన్ని, పేరాని తర్వాతి దానితో కలిపే 'అంతేకాకుండా', 'అందువల్ల', 'మరోవైపు' అనే అతుకు పదాల జాబితా బట్టీ పడతారు. పరీక్ష టెన్షన్‌లో అవి చప్పున గుర్తొస్తాయి, నిజమే. కానీ ఇది చూడండి: "2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది. అంతేకాకుండా భూగర్భజలాలపై ఒత్తిడి పెరిగింది." రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉన్నాయి తప్ప, ఒకదాని వల్ల ఇంకొకటి ఎలా జరిగిందో తెలియదు.

రెండో పద్ధతిలో ముందు వాక్యంలోని విషయాన్నే అందుకుంటాం. "ఉచిత విద్యుత్ వచ్చింది. బిల్లు భయం లేకపోవడంతో మోటార్లు ఎక్కువసేపు నడిచాయి. అలా తోడిన నీరంతా వానతో తిరిగి నిండని చోట బోర్లు ఎండిపోయాయి." ఇక్కడ అతుకు పదమే లేదు, అయినా కారణం కళ్లకు కడుతోంది. పైగా ఇలా రాయాలంటే ఆ కారణం మనకు ముందు తెలిసుండాలి. నా ఓటు దీనికే.

వాదన ఎదురు తిరిగే చోట మాత్రం 'అయితే' కావాల్సిందే. ఉచిత విద్యుత్ చిన్న రైతుకు ఊరటనిచ్చిందని చెప్పాక భూగర్భజలాల మాటెత్తాలంటే, ఆ మలుపును పాఠకుడికి ముందే చూపించాలి. ఒక పేజీలో అలాంటి 'అయితే' ఒకటి, మహా అయితే రెండు చాలు.