సవతి తల్లి వైపు నుంచి ఓ దెయ్యం కథ: ‘ఎ గెస్ట్ ఇన్ ద హౌస్’

ఇది పెద్దవాళ్ల గ్రాఫిక్ నవల, అంటే బొమ్మలతో నడిచే నవల, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. బొమ్మలున్నాయి కదా అని పిల్లల చేతికివ్వకండి.

రాసిందీ, గీసిందీ కెనడాకి చెందిన ఎమిలీ కారొల్. 2023లో వచ్చింది. సరస్సు పక్కన చిన్న ఊరు. ఏళ్ల తరబడి ఒంటరిగా బతికిన ఆబీ, భార్య షీలా పోయాక కూతురు క్రిస్టల్‌తో ఆ ఊరికి వచ్చిన డేవిడ్ అనే పళ్ల డాక్టర్‌ని పెళ్లి చేసుకుంటుంది. మనిషి నెమ్మదస్తుడే, ఇల్లూ బాగానే ఉంది, కానీ పోయిన షీలా ఎలాంటిది, అసలు ఎలా పోయింది అన్న ధ్యాస ఆబీని పట్టుకుని వదలదు.

మన కథల్లో సవతి తల్లి అనగానే పిల్లకి కడుపునిండా అన్నం పెట్టని మనిషే గుర్తొస్తుంది. ఇక్కడ కథంతా ఆమె నోటితోనే వింటాం. క్రిస్టల్‌కి దగ్గరవ్వాలని ఆబీ పడే తాపత్రయం, ఆ పిల్ల ఏమనుకుంటుందో అని లోలోపల నలిగిపోవడం, దెయ్యం పేజీలకన్నా ఇవే నా గుండెని పట్టేశాయి. పిల్లకి కన్నతల్లి కావాలి, ఈమెకి ఆ తల్లి చోటు కావాలి, ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు, అందుకే చదువుతున్నంతసేపూ టెన్షన్. పైగా చిన్న ఊరు, మనసులో మాట చెప్పుకుందామన్నా మనుషులు తక్కువ, దాంతో ఆబీ ఊహలు లోపలే ఊరి ఊరి ఇంకెటో పోతాయి.

రంగుల గురించి చెప్పకపోతే అన్యాయం. రోజువారీ బతుకంతా బూడిద రంగులోనే నడుస్తుంది. ఆబీ తనని కవచం తొడుక్కున్న వీరుడిలా ఊహించుకుని డ్రాగన్ మీదికి వెళ్లే చోట, షీలా కనబడే చోట మాత్రం రంగులు పేజీని ముంచెత్తేస్తాయి. అంతసేపు బూడిద చూసిన కళ్లకి పేజీ తిప్పగానే ఆ ఎరుపు తగిలితే ఉలిక్కిపడ్డాను. అందుకే ఫోన్‌లో వద్దు, ఒక్కో బొమ్మ గడీ జరుపుకుంటూ పోతే ఆ దెబ్బ తగలదు. ధర కాస్త ఎక్కువైనా అచ్చు పుస్తకమే కొనండి.

ముగింపు మాత్రం అందరికీ ఎక్కదు. అన్ని ముడులూ విప్పదు, పైగా చివర్లో వేగం ఒక్కసారిగా పెరిగిపోతుంది, డేవిడ్‌ని ఇంకాస్త ముందునుంచే చూపించి ఉంటే బాగుండేది అనిపించింది. నేనైతే ఆఖరి పేజీలు వెనక్కి తిప్పి మళ్లీ చదివాను. అయినా అక్కడ నిజంగా ఏం జరిగిందనే దానిమీద నాదో మాట, నా దగ్గర పుస్తకం తీసుకెళ్లి చదివిన స్నేహితురాలిది ఇంకో మాట.

కొనేముందు ఎమిలీ కారొల్ పనితనం రుచి చూడాలంటే 2010లో వెబ్‌లో పెట్టిన ‘హిజ్ ఫేస్ ఆల్ రెడ్’ చదవండి. చిన్న కథే. అది నచ్చితే ఇది ధైర్యంగా తెప్పించుకోవచ్చు.