దున్నని పొలమా, మందు కొట్టని పొలమా: నేలలోని జీవాలకు ఏది మేలు?

పక్కపక్కనే రెండు పొలాలు ఉన్నాయనుకోండి. ఒకదాంట్లో పదేళ్లుగా నాగలి దిగలేదు. కోత అయ్యాక కొయ్యకాళ్లు, చెత్త అలాగే నేల మీద ఉంటాయి. కలుపును మాత్రం కలుపుమందుతోనే చంపుతారు. రెండోదాంట్లో రసాయనం చుక్క పడదు, పశువుల ఎరువే తోలతారు. కానీ కలుపు ఆపడానికి ఒక్కో పంటకు మూడు నాలుగు సార్లు దున్నుతారు. నేలలో బతికే జీవాలను అడిగితే ఏ పొలం మంచిదంటాయి?

చాలామంది రెండోదే అంటారు. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను. ఈ విషయం మీద జరిగిన పరిశోధనలను ఒక్కొక్కటే చదువుతూ వచ్చాక నా జవాబు మారింది.

ముందు ఆ జీవాలు ఎవరో, ఎక్కడ ఉంటాయో చూడాలి. భూమ్మీది జాతుల్లో దాదాపు 59 శాతం నేలలోనే బతుకుతాయని 2023లో వచ్చిన ఒక అంచనా. వీటిలో సూక్ష్మజీవులను పక్కన పెట్టి జంతువులనే తీసుకున్నా, వాటి ఇళ్లు మూడు రకాలు. కంటికి కనిపించని నులిపురుగులు మట్టి రేణువులను అంటుకున్న పల్చటి నీటి పొరలో ఈదుతాయి. స్ప్రింగ్‌టెయిళ్లు (రెక్కలు లేని, గెంతే బుల్లి జీవాలు), నేల నల్లులు (మంచాల్లో ఉండేవి కావు, సాలీళ్ల బంధువులైన చిన్న జీవాలు) మట్టి గడ్డల మధ్య ఖాళీల్లో ఉంటాయి. అవి తవ్వలేవు, ఉన్న ఖాళీలోనే సర్దుకోవాలి. వానపాములు, చీమలు, చెదపురుగులు, పేడపురుగులు తమ దారి తామే తవ్వుకుంటాయి. నీళ్లు, గాలి, వేర్లు కిందికి దిగడానికి ఈ మూడో గుంపు తవ్విన దారులు బాగా పనికొస్తాయి. ఏ సేద్యం ఎవరికి చేటు అన్నది ఈ ఇళ్లను బట్టే ఉంటుంది.

నాగలి కింద ఏం జరుగుతుంది?

రెక్క నాగలి మట్టిని తలకిందులు చేస్తుంది. కొన్ని జీవాలు ఇనుము కింద తెగిపోతాయి. (తెగిన వానపాము రెండు వానపాములవుతుందన్న మాట నిజం కాదు. బతికే అవకాశం ఉంటే అది తలవైపు ముక్కకే.) కొన్ని ఎండకు మాడిపోతాయి, కొన్ని నాగలి వెంట వచ్చే పక్షుల పాలవుతాయి. అయితే చావుల కన్నా ఇల్లు పోవడమే పెద్ద నష్టం. లోతుకు నిలువుగా సొరంగం తవ్వుకుని, రాత్రిళ్లు పైకి వచ్చి రాలిన ఆకులను లోపలికి లాక్కునే వానపాములు ఉన్నాయి. ఒకే సొరంగాన్ని అవి చాలాకాలం వాడుకుంటాయి. దుక్కితో ఆ సొరంగం పైభాగం కూలిపోతుంది, తినాల్సిన ఆకులు మట్టి కింద పూడిపోతాయి. నేల పైన చెత్తలోనే బతికే వానపాములకు ఒక్కపూటలో ఇటు తిండీ అటు కప్పూ రెండూ పోతాయి. మట్టిని తింటూ మధ్య పొరలో అడ్డంగా తిరిగే మూడో రకం మాత్రం దుక్కిని బాగానే తట్టుకుంటుంది. పూడిన చెత్త దానికి ఆహారం కూడా అవుతుంది.

ఇక్కడే మన లెక్క తప్పుతుంది. దున్నిన పొలంలో కూడా వానపాములు కనిపిస్తాయి కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాం. అవి ఏ రకమో చూడం.

40 దేశాల్లో జరిగిన 215 పొలం ప్రయోగాలను కలిపి లెక్కగట్టిన సమీక్ష ఒకటి 2017లో వచ్చింది. మట్టిని తిరగేసి దున్నే పొలాలతో పోలిస్తే, దున్నడం మానేసిన చోట వానపాముల సంఖ్య సగటున 137 శాతం, వాటి మొత్తం బరువు 196 శాతం పెరిగాయి. సంఖ్య కన్నా బరువు ఎక్కువగా పెరిగిందంటే తిరిగి వచ్చినవాటిలో పెద్ద శరీరం ఉన్నవి ఎక్కువన్నమాట. దున్నడం మానేసి పదేళ్లు దాటిన పొలాల్లో ఈ మేలు ఇంకా స్పష్టంగా కనిపించింది. చెత్తను పొలంలోనే ఉంచితే మరింత పెరిగింది.

నులిపురుగుల్లో కథ వేరేగా నడుస్తుంది. దున్నగానే మట్టిలోకి గాలి చేరి బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరుగుతుంది. దాన్ని తినే నులిపురుగులు కొద్ది రోజుల్లోనే పిల్లల మీద పిల్లల్ని పెడతాయి. శిలీంధ్రాల పోగులు మాత్రం తెగిపోతాయి, వాటి మీద బతికేవి తగ్గుతాయి. ఇతర నులిపురుగులను వేటాడే పెద్దవి నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి మళ్లీ మళ్లీ దున్నే చోట కోలుకోలేవు. గట్టి పెంకు ఉండే ఒరిబాటిడ్ నల్లులదీ ఇదే బాధ. నాగలి చిన్నవాటిని, తొందరగా పెరిగేవాటిని ఉంచి, పెద్దవాటిని, నిదానంగా పెరిగేవాటిని ఏరిపారేస్తుంది.

మందూ ఎరువూ

మందుల గురించి తేలిగ్గా తీసుకునేది ఏమీ లేదు. పురుగుమందులు నేల జీవాలపై చూపే ప్రభావం గురించి దాదాపు 400 అధ్యయనాలను పరిశీలించిన ఒక సమీక్ష 2021లో వెలువడింది. పరీక్షించిన అంశాల్లో 70 శాతానికి పైగా చెడు ప్రభావమే కనిపించింది. కానీ మందులన్నీ ఒక గాటన కట్టేవి కావు. కార్బెండజిమ్ తెగుళ్ల మందే అయినా వానపాములకు బాగా విషం. కలుపుమందు గ్లైఫోసేట్ సంగతి వేరు: దుక్కి తగ్గించడం వల్ల వానపాములకు కలిగే మేలును అది చెప్పుకోదగ్గట్టు మార్చలేదని నేను పైన చెప్పిన 2017 సమీక్షే తేల్చింది. ఆ మందు అన్ని రకాలుగా నిరపాయమని నేననను. వానపాముల వరకు చూస్తే, ఈ రెండింటిలో నాగలే పెద్ద శత్రువు.

విత్తనానికి పట్టించే నియోనికోటినాయిడ్ అనే రకం పురుగుమందుల విషయం నన్ను బాగా కలవరపెట్టింది. అమెరికాలో సోయా పొలాల మీద చేసిన పరిశోధన ఫలితాలు 2015లో వచ్చాయి. మందు పట్టించిన విత్తనాల నుంచి మొలిచిన మొక్కలను గుల్ల లేని నత్తలు (స్లగ్‌లు) తిన్నాయి, వాటికేమీ కాలేదు. ఆ నత్తలను తిన్న నేల పెంకుపురుగులు విషమెక్కి దెబ్బతిన్నాయి. తినేవాళ్లు తగ్గేసరికి నత్తలు పెరిగాయి, మొక్కల సాంద్రత 19 శాతం, దిగుబడి 5 శాతం తగ్గాయి. దున్నకుండా, చెత్త ఉంచి, అంత జాగ్రత్తగా నేలను కాపాడుకున్న రైతు కూడా ఈ ఒక్క పనితో వేటాడే జీవాలను పోగొట్టుకుంటాడు.

రసాయన ఎరువుల్లో నేలను పులిసేలా చేసేవి ఉన్నాయి. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1856 నుంచి నడుస్తున్న గడ్డి ప్రయోగంలో సున్నం వేయకుండా ఏటా అమ్మోనియం సల్ఫేట్ వేసిన మడులు ఉన్నాయి. ఆ మడుల్లో ఆమ్లత్వం అంతగా పెరిగి వానపాములు లేకుండా పోయాయి. చనిపోయిన గడ్డిని లోపలికి లాగేవాళ్లు, కుళ్లబెట్టేవాళ్లు లేక అది నేల మీద మందపాటి చాపలా పేరుకుపోయింది. నేల జీవాలు చేసే పని ఎంతో తెలియాలంటే అవి లేని చోటు చూడాలి.

సేంద్రియం వైపు కూడా మచ్చ ఉంది. రాగి లవణాలతో చేసే బోర్డో మిశ్రమాన్ని సేంద్రియ తోటల్లోనూ వాడతారు. రాగి విరిగిపోదు, ఏటికేడు పైమట్టిలో చేరుతూ పోతుంది. వానపాములు రాగిని తట్టుకోలేవు.

రెండింటినీ ఎదురెదురుగా నిలబెడితే

స్విట్జర్లాండులో 1978లో మొదలైన ఒక ప్రయోగం సేంద్రియ పద్ధతులను, రసాయనాలు వాడే సాధారణ పద్ధతులను పక్కపక్క మడుల్లో పోలుస్తూ వస్తోంది. ఆ రెండింట్లోనూ దున్నుతారు. 21 ఏళ్ల తర్వాత చూస్తే సేంద్రియ మడుల్లో వానపాములు 1.3 నుంచి 3.2 రెట్లు ఎక్కువ. దిగుబడి మాత్రం 20 శాతం తక్కువ. కాబట్టి అటూ ఇటూ దున్నుతున్నప్పుడు సేంద్రియమే మేలు, అందులో అనుమానం లేదు.

అసలు ప్రశ్నకు జవాబు ఫ్రాన్సులో వెర్సాయ్ దగ్గర లా కాజ్ ప్రయోగంలో దొరుకుతుంది. అక్కడ సాధారణ సేద్యం, సేంద్రియ సేద్యం, దున్నకుండా నేలను ఎప్పుడూ పచ్చటి మొక్కలతో కప్పి ఉంచే సేద్యం మూడూ 14 ఏళ్లు సాగాక నేల జీవాలను లెక్కపెట్టారు. సాధారణ సేద్యం కన్నా మిగతా రెండూ చాలా మెరుగు. ఆ రెండింటిలో దున్నని పద్ధతే, అందులో మందులు వాడుతున్నా, ఎక్కువ రకాల జీవాలకు మేలు చేసింది. సేంద్రియం ముఖ్యంగా బ్యాక్టీరియా తినే నులిపురుగులను, లోతు వానపాములను పెంచింది.

అందుకే నేను మొదటి పొలం వైపు మొగ్గుతాను. కానీ దానికి షరతు ఉంది. దున్నడం మానేసి, చెత్తను కాల్చేసి లేదా ఎత్తుకుపోయి, ఏటా ఒకే పంట వేసి, నేలను ఎండకు వదిలేస్తే అది ఉత్త గట్టి నేల. తడి మీద బరువైన యంత్రం తిరిగితే మట్టిలోని ఖాళీలు నొక్కుకుపోతాయి. దున్నకపోతే ఆ ఒత్తిడి తొందరగా విడిపోదు. తవ్వలేని స్ప్రింగ్‌టెయిళ్లకు, నల్లులకు అప్పుడు చోటే ఉండదు. అలాంటి దున్నని పొలం కన్నా ఎరువు తోలి దున్నిన పొలమే నయం.

దిగుబడి మాట దాటేయలేను. దున్నకపోతే దిగుబడి సగటున 5.7 శాతం తగ్గిందని 610 అధ్యయనాలను కలిపి 2015లో లెక్కగట్టారు. చెత్త ఉంచి, పంట మారిస్తే ఆ నష్టం బాగా తగ్గింది. పొడి ప్రాంతాల వర్షాధారపు పొలాల్లో ఈ మూడూ కలిసినప్పుడు దిగుబడి పెరిగింది కూడా. దున్నకపోవడం ఎవరికి ముందుగా లాభమో ఇక్కడ తెలుస్తోంది: నీరు తక్కువ ఉన్నవాళ్లకు. ఆస్ట్రేలియాలోని పొడి గోధుమ పొలాల్లో చీమలు, చెదపురుగులు తవ్విన దారుల వల్ల నీరు ఎక్కువగా ఇంకి దిగుబడి 36 శాతం పెరిగినట్టు 2011లో తేలింది. చెదపురుగు అనగానే గుళికల మందు కోసం పరుగెత్తేవాళ్లు ఈ మాట ఒకసారి ఆలోచించాలి.

ఎన్ని ఉన్నాయన్నది చాలదు

బ్రెజిల్‌లో మనావుస్ దగ్గర అడవి నరికి పచ్చిక బీళ్లు చేశారు. అడవి నేలలోని రకరకాల జీవాలు పోయి, పాంటోస్కోలెక్స్ అనే ఒకే ఒక వానపాము విపరీతంగా పెరిగింది. సంఖ్య చూస్తే నేల కళకళలాడుతున్నట్టే. కానీ అది హెక్టారుకు ఏడాదికి 100 టన్నులకు పైగా విసర్జించిన మెత్తటి మట్టి పైపొరను మూసేసింది, నీరు ఇంకకుండా పోయింది. ఆ గట్టి మట్టిని దిమ్మలుగా కోసి అడవిలో పెట్టినప్పుడు, అక్కడి జీవాలు చొరబడి ఏడాదిలోనే మళ్లీ గుల్లబరిచాయి. గడ్డలు కట్టేవాళ్లూ, గడ్డలు విడగొట్టేవాళ్లూ ఇద్దరూ ఉండాలి. ఎరువు తోలగానే ఒకే రకం పురుగు కుప్పలుతెప్పలుగా కనిపిస్తే సంబరపడడానికి నేనిప్పుడు కాస్త వెనకాడతాను.

మందులు వద్దనుకునే రైతు నాగలి వాడక తప్పదంటే, రెక్క నాగలి బదులు మట్టిని తిరగేయకుండా పైపైన కదిపే పనిముట్టు వాడవచ్చు. 2017 సమీక్షలో అలాంటి తేలిక దుక్కి ఉన్న చోట కూడా వానపాములు పెరిగాయి. రోటావేటర్‌ను మాత్రం నేను సిఫారసు చేయను, లోతు తక్కువైనా అది మట్టిని పిండి చేస్తుంది. పొలమంతా ఒకేసారి దున్నక్కర్లేదు కూడా. గట్ల వెంట కొంత మేర ఎప్పుడూ దున్నకుండా వదిలితే వేటాడే పెంకుపురుగులు, జెర్రులు అక్కడ తలదాచుకుని మళ్లీ పొలంలోకి వస్తాయి. మందులు వాడే రైతు ముందు మానాల్సింది విత్తనానికి పట్టించే పురుగుమందు, గుళికలు. కలుపుమందు తర్వాత చూసుకోవచ్చు.

ఏది పనిచేస్తోందో మీ పొలంలోనే చూసుకోవచ్చు. నేల తడిగా, చల్లగా ఉన్న రోజు పొద్దున్నే 20 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు ఉండేలా మట్టి దిమ్మ తీసి గుడ్డ మీద పరిచి చేతులతో విడగొట్టండి. వానపాములను లెక్కపెట్టి ఊరుకోకుండా ఎన్ని రకాలున్నాయో చూడండి: పైచెత్తలో ఎర్రగా ఉండేవి, పాలిపోయి మట్టిలో చుట్టుకున్నవి, పొడవుగా లావుగా ఉండి గుంత అడుగు నుంచి వచ్చేవి. ఈ మూడో రకం కనిపించకపోతే పక్కనున్న దున్నని గట్టు మీద అలాంటి గుంతే ఇంకొకటి తవ్వి చూడండి.