కథలు పంపే లెక్కకు గూగుల్ షీట్: చాన్నాళ్లు వాడాక

తిరుపతిలో కూర్చుని హైదరాబాదు, విజయవాడ పత్రికలకు కథలు పంపే మాబోటివాళ్లకు ఏ కథ ఎక్కడికి, ఎప్పుడు పంపామో రాసుకోడానికి గూగుల్ షీట్ చాలు, డబ్బు పోసి యాప్ కొననక్కర్లేదు. కాకపోతే మొదటిరోజే రెండు సవరణలు చేసుకోవాలి.

ఒకటి, తేదీ. షీటు అమెరికా పద్ధతిలో ఉంటే 05/08 అని కొట్టినప్పుడు ఆగస్టు ఐదు కాస్తా మే ఎనిమిది అయిపోతుంది. 13/08ని అసలు తేదీగానే తీసుకోదు. ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కి పోయి లొకేల్‌ని, అంటే ఏ దేశపు పద్ధతో చెప్పే సెట్టింగ్‌ని, ఇండియాకి మార్చాలి. అంతకుముందు ఎక్కించిన తేదీలు వాటంతటవి సర్దుకోవు.

రెండోది ‘ఎన్ని రోజులైంది’ అనే గడి. ఇవాళ్టి తేదీ ఇచ్చే టుడే ఫంక్షన్‌లోంచి కథ పంపిన తేదీని తీసేస్తే సరి. అయితే తేదీ వేయని వరసలో నలభై వేల పైచిలుకు అంకె తేలుతుంది. షీటు 1899 డిసెంబరు 30 నుంచి రోజులు లెక్కపెడుతుంది మరి! తేదీ లేకపోతే గడి కూడా ఖాళీగా ఉండేట్టు ఇఫ్ ఫంక్షన్ తగిలించాలి. 90 రోజులు దాటితే గడి ఎర్రబడేట్టు కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టాలి.

షీటు విలువంతా ఆ ఎరుపులోనే ఉంది. ‘మరే పత్రిక పరిశీలనలోనూ లేదు’ అని హామీపత్రం రాసిచ్చాక కథ అక్కడే ఇరుక్కుంటుంది. వద్దనుకున్న కథకు జవాబివ్వని పత్రికలు బోలెడు. గడి ఎర్రబడితే ఒక మెయిలు, పదిహేను రోజులు చూసి ‘కథ వెనక్కి తీసుకుంటున్నా’నని ఇంకో మెయిలు పెట్టి, ఆ తర్వాతే వేరేచోటికి పంపాలి.

పత్రికలు వెతకడంలో మాత్రం షీటు సాయం తక్కువే. వాట్సాప్‌లో తిరిగే చిరునామాల జాబితాల్లో 2021లో ఆగిపోయిన విపుల, చతుర ఇప్పటికీ కనిపిస్తుంటాయి. అందుకే పత్రికలకు వేరే ట్యాబ్ పెట్టి పదాల పరిమితి, యూనికోడా (ఫోన్‌లో, నెట్‌లో వాడే తెలుగు) డీటీపీవాళ్ల అనూ ఫాంటా, పారితోషికం, చివరగా సరిచూసిన తేదీ రాసుకోవాలి. ఆదివారం అనుబంధాలు చేతికొచ్చిన పూట అరగంట దీనికి చాలు. అంతకుమించి వెతికితే అది కథ రాయకుండా తప్పించుకునే సాకే. ఉగాది పోటీల గడువు పండగకు చాలా ముందే ముగుస్తుంది, షీటు దానంతటది గుర్తుచేయదు. ఫోన్ క్యాలెండర్‌లో పది రోజుల ముందుకి అలారం పెట్టుకోవాల్సిందే.

హామీపత్రం నమూనా పాతదైతే చిరునామా చూసుకోండి. 2022 ఏప్రిల్ నుంచి మనది తిరుపతి జిల్లా, చిత్తూరు కాదు. ఫోన్‌లో షీటు వాడేవాళ్లు కథ పేరున్న నిలువు వరసను కదలకుండా ఫ్రీజ్ చేసుకోవాలి. లేకుంటే పక్కకు జరిపాక ఏ కథకు తేదీ వేస్తున్నామో తెలీదు.