బిడ్డ అద్దాల పెట్టెలో, బాలింత ఎక్కడ?

నెలకు ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. "అక్కా, పాపను బాక్సుల పెట్టిండ్రు, నన్ను డిశ్చార్జ్ చేసిండ్రు. ఊరికి పోవాల్నా, ఈడనే ఉండాల్నా?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేటప్పుడు ఏదో ఒకటి మరిచిపోతున్నాను. అందుకే అంతా ఒకచోట రాస్తున్నా.

మా పాప 31 వారాలకే పుట్టింది. కిలో మూడువందల గ్రాములు. 29 రోజులు ఐసీయూలో ఉంది. ఆ 29 రోజుల్లో నేను మూడు తీర్ల ఉండి చూశాను. మొదట నర్సంపేట దగ్గర మా అమ్మగారింట్లో, తర్వాత ఆసుపత్రి వెనక సందులో అద్దె గదిలో, చివరికి ఆసుపత్రిలోనే ఐసీయూ పిల్లల తల్లులు ఉండే తల్లుల వార్డులో.

ఇంటికి పోదామన్నది మా అమ్మ. మామూలు కాన్పే కాబట్టి నాలుగో రోజు నన్ను పంపించేశారు. "నలభై కిలోమీటర్లే కదా బిడ్డా, పొద్దున పోయి పొద్దుమూకి వద్దాం" అన్నది. ఇప్పుడు అడిగేవాళ్లు ఇంకో మాట కూడా కలుపుతున్నారు: 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు కదా, రోజూ వచ్చిపోతే ఖర్చేముంది అని. నిజమే, ఖర్చు లేదు. కానీ లెక్క బస్సు చార్జీది కాదు, రాత్రిది.

ఇంట్లో ఉన్న ఆరు రోజులూ రాత్రి తొమ్మిదింటికి పడుకుని ఐదింటికి లేచాను. అమ్మ వేడినీళ్లు పోసింది, వెల్లుల్లి కారంతో అన్నం పెట్టింది, ఒళ్లు కుదుటపడింది. పగలు ఆసుపత్రిలో నాలుగైదుసార్లు పాలు పిండి ఇచ్చేదాన్ని. ఐదో రోజుకు గిన్నె అడుగు తడవడమే గగనమైంది. నాకు పాలు లేవనుకుని ఏడ్చాను. ఒక సిస్టర్ పక్కన కూర్చుని, "రాత్రి ఎన్నిసార్లు పిండుతున్నవమ్మా?" అని అడిగింది. ఒక్కసారి కూడా లేదు.

పుట్టిన బిడ్డ పక్కన ఉంటే రాత్రి మూడుసార్లు ఏడ్చి లేపుతుంది. మన ఒళ్లు ఆ ఏడుపుకు పాలు తయారుచేసుకుంటుంది. పాలు ఊరించే హార్మోను రాత్రిపూటే ఎక్కువ. 34 వారాలలోపు పుట్టిన పిల్లలకు చాలామందికి చప్పరించి, మింగి, ఊపిరి తీసుకోవడం ఒక వరుసలో రాదు. అందుకే గొట్టంతో పాలు పడతారు. అంటే లేపే బిడ్డ లేదు, గడియారమే లేపాలి. రోజుకు కనీసం ఎనిమిదిసార్లు పిండాలి, అందులో రెండు మూడు రాత్రివే కావాలి. నెలలు నిండని పిల్లల పేగులు చాలా సున్నితం, డబ్బా పాల కంటే తల్లిపాలు తాగినవాళ్లకే పేగులు దెబ్బతినే జబ్బు తక్కువగా వస్తుంది. అందుకే నేను పాల దగ్గర ఇంత పట్టుబడతాను.

ఇంటికొచ్చిన ఏడో రోజు రాత్రి గది తీసుకున్నాం. ఆసుపత్రి గేటు నుంచి ఐదు నిమిషాల నడక. గదిలో ఉండే సుఖం గదిదే. తలుపు వేసుకుని నిమ్మళంగా కూర్చోవచ్చు, స్టవ్ మీద జావ కాచుకోవచ్చు, బాత్రూం మనదే. పెద్దాపరేషన్ అయినవాళ్లకు, బీపీ ఎక్కి ఇంకా మందులు మింగుతున్నవాళ్లకు మొదటి వారం పది రోజులు గదే మంచిదని నేనే చెబుతాను. కుట్లతో వార్డు బెంచీ మీద ముడుచుకుని పడుకోవడం ఎవరికీ మంచిది కాదు.

కానీ రాత్రి రెండింటికి ఐదు నిమిషాల నడక ఐదు నిమిషాలది కాదు. మా ఆయనను లేపాలి, కుక్కలను తప్పించుకుంటూ రోడ్డు దాటాలి, గేటు దగ్గర ఎవరు ఏమిటని చెప్పుకోవాలి. రెండు రాత్రులు వెళ్లాను, తర్వాత గదిలోనే పిండి ఆయనతో పంపాను. పాలు పెరిగాయి. గదికి ఆ గొప్పదనం ఉంది. పాపను గుండెకు హత్తుకోవడం మాత్రం రోజుకు మూడు గంటలు దాటలేదు.

పదిహేడో రోజు తల్లుల వార్డులో మంచం దొరికింది. వార్డు గురించి అందంగా చెప్పను. ఇరుకు, దోమలు, రాత్రంతా లైట్లు, పక్క మంచం మీద ఎవరో ఒకరు ఏడుస్తూనే ఉంటారు. వెంట ఒక్కరినే ఉండనిస్తారు. అయినా నా ఓటు దీనికే. మంచం దిగితే పాప తలుపు ఇరవై అడుగులు. పాలు పట్టే టైముకు సిస్టర్ పేరు పెట్టి పిలిచేది. మూడో రోజుకే కంగారూ పద్ధతిలో, అంటే ఒంటికి ఒళ్లు తగిలేలా, పాపను రోజుకు తొమ్మిది పది గంటలు ఛాతీ మీద ఉంచుకోగలిగాను. ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, అప్పటికి నలభై రోజులుగా అక్కడే ఉన్నది, చేత్తో పాలు ఎట్లా పిండాలో నా చెయ్యి పట్టుకుని నేర్పింది. పంపు కొనాలని వెతుకుతున్న నాకు ఆ రోజు నుంచి పంపుతో పని పడలేదు.

ఈ ఛాతీ మీది గంటలు ఉత్త ప్రేమ కోసం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపించిన ఒక పరిశోధన 2021లో వచ్చింది. ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాతో పాటు మన దేశంలోనూ జరిగింది, మన దగ్గర ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో. కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల్లోపు పిల్లలను రెండు జట్లు చేశారు. ఒక జట్టు పిల్లలకు కుదుటపడ్డాకే కంగారూ పద్ధతి మొదలుపెట్టారు. రెండో జట్టులో తల్లిని బిడ్డతో పాటే ఐసీయూలో ఉంచి, పుట్టిన వెంటనే మొదలుపెట్టారు. ఆ పిల్లలు ఐసీయూలో రోజుకు దాదాపు 17 గంటలు ఛాతీ మీదే ఉన్నారు. నెల రోజుల్లోపు చనిపోయిన పిల్లలు మొదటి జట్టులో నూటికి 16 మందికి దగ్గర, రెండో జట్టులో 12 మంది. మిగతా వైద్యం అదే, అమ్మ పక్కన ఉండి పుట్టిన వెంటనే ఛాతీ మీదికి తీసుకోవడమే తేడా. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫార్సులను కూడా దీని ప్రకారమే మార్చింది.

"మా దగ్గర తల్లిని లోపలికే రానివ్వరు" అని కొందరంటారు. నాకూ మొదటి వారం గాజు అవతలి నుంచే చూపించారు. తల్లిదండ్రులకు చేతుల శుభ్రత నేర్పి, గౌను వేయించి, బిడ్డ పనుల్లో కలుపుకోవాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2017లోనే ప్రభుత్వ నవజాత శిశు కేంద్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. కొట్లాడాల్సిన పని లేదు. డాక్టర్ రౌండుకు వచ్చినప్పుడు "కంగారూ కేర్ ఎప్పుడు మొదలుపెట్టొచ్చు సార్" అని రోజూ అడగండి. తండ్రి ఛాతీ కూడా పనికొస్తుందని చెప్పి ఆయననూ అడగమనండి.

వార్డులో అసలు కష్టం తిండి. జననీ శిశు సురక్ష అనే ప్రభుత్వ పథకం కింద తల్లికి ఉచిత భోజనం మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజులు. బిడ్డ మందులు, పరీక్షలు ఉచితంగా సాగుతూనే ఉంటాయి, తల్లి పళ్లెం ఆగిపోతుంది. ఇంటినుంచి రెండుపూటలా సద్ది తెచ్చే మనిషి ఎవరో ముందే మాట్లాడుకోండి. చుట్టాలు పండ్లు తెస్తామంటే వద్దని, అన్నం తెమ్మనండి.

పురుడు సంగతి. మా అమ్మకు పెద్ద బాధ అదే. ఇరవై ఒక్క రోజులు బాలింత గాలికి పోవద్దు, పది మందిలో తిరగొద్దు. ఆమె భయం తప్పు కాదు. చలి, నీరసం, జ్వరం బాలింతకు నిజంగానే ప్రమాదం. వార్డులో చెవులకు గుడ్డ కట్టుకున్నాను, వేడినీళ్లే తాగాను, పగలు పాప నిద్రపోతున్నప్పుడు నేనూ పడుకున్నాను. తొట్టెల పండుగ పాప ఇంటికొచ్చిన ఇరవై ఒకటో రోజు చేశాం. అమ్మ ఒప్పుకుంది.

మిగతావి రెండు ముక్కల్లో. కాన్పు వరంగల్ సీకేఎం ప్రసూతి ఆసుపత్రిలోనో హన్మకొండ ప్రసూతి ఆసుపత్రిలోనో అయి, బిడ్డను వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రికి పంపితే, తల్లి డిశ్చార్జ్ కోసం కూర్చోకుండా డాక్టర్‌ను అడిగి వీలైనంత తొందరగా బిడ్డ ఉన్నచోటికి మారాలి. ప్రైవేటులో చేర్చేముందు ఆరోగ్యశ్రీ ఆ జబ్బుకు అక్కడ చెల్లుతుందో లేదో కౌంటర్లో తేల్చుకోండి. హైదరాబాద్ నీలోఫర్ పిల్లల ఆసుపత్రికి డాక్టర్లు పంపితే పోవాలి, మనంతట మనం 150 కిలోమీటర్లు తీసుకుపోవద్దు.

ఏ దారీ లేక ఇంటినుంచే వచ్చిపోయేవాళ్లు ఉంటారు. ఇంట్లో ఇంకో చిన్న పిల్లో, మంచాన పడ్డ అత్తమ్మో ఉంటే ఏం చేస్తారు. వాళ్లకు ఒక్కటే చెబుతాను: రాత్రి పన్నెండుకు, మూడింటికి అలారం పెట్టుకుని పిండండి. ఎట్లా దాచి తేవాలో సిస్టర్‌ను అడిగి, ఆమె చెప్పినట్టే తీసుకురండి. డిశ్చార్జ్‌కు ముందు మూడు నాలుగు రోజులైనా వార్డులో ఉండండి. మందులు, పాలు పట్టడం, ఒళ్లు చల్లబడితే గుర్తుపట్టడం ఆ రోజుల్లోనే చేతికి వస్తుంది.

ఇంకొకటి. రెండు కిలోల లోపు బరువుతోనో 34 వారాల లోపో పుట్టిన బిడ్డకు నెల నిండేలోపు కంటి రెటీనా పరీక్ష జరగాలి. ఇంటికి పోయే హడావుడిలో అందరూ మరిచిపోయేది అదే. ఆ తేదీ డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకున్నాకే ఆటో ఎక్కండి.