హాఫ్‌టైమ్‌కి క్యాసియో ఏఈ-1200: 15 కాదు, 18 పెట్టండి

అమెరికా హైస్కూల్ ఫుట్‌బాల్‌లో రిఫరీలుగా చేసేవాళ్లు క్యాసియో ఏఈ-1200డబ్ల్యూహెచ్ వాచీని హాఫ్‌టైమ్ (ఆట మధ్యలో వచ్చే విరామం) కోసం నిశ్చింతగా కొనుక్కోవచ్చు. ఆట మొత్తానికి ఇదే చాలనుకుంటే మాత్రం పొరపాటు. దీని కౌంట్‌డౌన్‌లో గంటలు, నిమిషాలే పెట్టగలం, సెకన్లు పెట్టే వీల్లేదు. కాబట్టి 25, 40 సెకన్ల ప్లే క్లాక్‌కి (తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి జట్టుకిచ్చే గడువుకి) వేరే టైమర్ ఉండాల్సిందే.

హైస్కూల్ ఆటలకి నియమాలు రాసే జాతీయ సమాఖ్య ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ ప్రకారం విరామం మామూలుగా 15 నిమిషాలు. ఇద్దరు కోచ్‌లూ ఒప్పుకుంటే 10కి తగ్గించవచ్చు. 20 దాకా పెంచాలంటే ఆతిథ్య జట్టు కనీసం 5 రోజుల ముందే అవతలి జట్టుకి చెప్పి ఉండాలి. విరామం ముగిసిన వెంటనే 3 నిమిషాల వార్మప్ తప్పనిసరి. విరామం ముగిసేసరికి జట్టుని మైదానంలో ఉంచే బాధ్యత హెడ్ కోచ్‌ది. రెండో సగం మొదలుపెట్టడానికి జట్టు సిద్ధంగా లేకపోతే 15 గజాల పెనాల్టీ.

వాచీతో చిక్కు వచ్చేది ఇక్కడే. టైమర్‌లో ఒక్క అంకే నిలుస్తుంది. 15 పెట్టుకుంటే, అది అయిపోగానే మళ్లీ 3కి మార్చుకోవాలి. గేటు వైపు చూస్తూ ఏ జట్టు వచ్చింది, ఏది రాలేదు అని గమనించాల్సిన సమయంలో మీరు బటన్లు నొక్కుతూ ఉంటారు. అందుకే మొదట్లోనే 18 పెట్టండి. తెర మీద 3:00 పడిందంటే విరామం ముగిసి వార్మప్ మొదలైనట్టే. 20 నిమిషాల విరామానికి 23, పదికి 13.

పెట్టడం తేలికే. టైమర్ మోడ్‌లో అడ్జస్ట్ బటన్ని అంకెలు మిణుకుమనేదాకా నొక్కి పట్టండి, మోడ్‌తో నిమిషాల మీదికి వెళ్లండి, సెర్చ్‌తో పెంచండి, మళ్లీ అడ్జస్ట్ నొక్కితే సరి. ఇదంతా ఆటకి ముందే చేసుకోవాలి. టైమర్‌ని నడిపించేది కూడా సెర్చ్ బటనే, కానీ రెండో క్వార్టర్ (మొదటి సగం) అయిపోగానే దాన్ని నొక్కేయకండి. ఆటగాళ్లు, కోచ్‌లు మైదానం వదిలాక రిఫరీ సైగ చేసినప్పుడే స్కోర్‌బోర్డు గడియారంతో పాటు నొక్కాలి.

పెద్ద లోపం ఒకటుంది: వైబ్రేషన్ లేదు. మార్చింగ్ బ్యాండు డప్పుల మధ్య ఆ బీప్ అస్సలు వినపడదు. బీప్‌ని నమ్ముకోకుండా కళ్లతో చూసుకోవాల్సిందే. లైటు 1.5 లేదా 3 సెకన్లు వెలిగేలా పెట్టుకోవచ్చు. రాత్రి ఆటలకి 3 పెట్టుకోండి. బ్యాటరీ పదేళ్లు వస్తుందని కంపెనీ మాట, నీటి నిరోధకత 100 మీటర్లు, కాబట్టి వానకి భయం లేదు.

వాన అంటే ఇంకొకటి. రెండో క్వార్టర్ చివరి 3 నిమిషాల్లో వాతావరణం వల్ల ఆట ఆగి, కనీసం 30 నిమిషాలు జాప్యమైతే, కోచ్‌లిద్దరూ ఒప్పుకుని విరామాన్ని 1 నిమిషం దాకా కుదించవచ్చు. వార్మప్ 3 నిమిషాలు అప్పుడూ ఉంటుంది. అలాంటి రోజు టైమర్‌లో 4 చాలు.

డాలస్, ఫ్రిస్కో వైపు ఉన్న మనవాళ్లు ఈ అంకెలు వాడకండి. టెక్సాస్ పబ్లిక్ హైస్కూళ్లు ఆడేది కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ నియమాలతో.